శంఖపుష్పం నీలం నిలవాలంటే

ప్రశ్న: మేడమ్, మా అమ్మమ్మ పెంచిన పెరడు ఇంకో రెండు నెలల్లో మా చేతుల్లోంచి పోతోంది. ఆవిడ నాటిన శంఖపుష్పం తీగ, ఎర్ర మందారం, కాగితం పూల చెట్టు అందులో ఉన్నాయి. వాటి పూలూ ఆకులూ దాచుకుందామని లావుపాటి నిఘంటువులో పెట్టి, పైన బరువు పెట్టి, మూడు వారాలు కదిలించకుండా ఉంచాను. తీరా తీసి చూస్తే మందారం నల్లబడి పేజీకి అంటుకుపోయింది. ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగాయి. మైలుతుత్తంలో ఉడికిస్తే ఆకుపచ్చ పోదని ఎవరో అన్నారు. నిజమేనా? టైమ్ తక్కువగా ఉంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మూడు వారాలు కదిలించలేదన్నారు చూశారా, పొరపాటు అక్కడే జరిగిందమ్మా. ఆరబెట్టే పువ్వు రంగు చెడేది ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే. పువ్వులో తడి ఉన్నంతసేపూ దాని కణాల్లోని ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి. నలిగిన రేకు అంచు కాసేపటికి నల్లబడటం మీరు చూసే ఉంటారు, అదీ వాటి పనే. మూసిన నిఘంటువులో ఆ తడికి బయటికి పోయే దారి లేదు. పువ్వు తన నీళ్లలో తానే మగ్గిపోయింది.

పూలు ఆరబెట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ కాగితాలు మార్చేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున పెట్టిన పువ్వును ఉండబట్టలేక సాయంత్రమే తెరిచాను. కింది కాగితం మీద పువ్వు ఆకారంలోనే తడి మరక ఉంది. ఐదు రేకులూ విడివిడిగా కనిపిస్తున్నాయి, కాడ దగ్గర మరక ముదురుగా ఉంది. ఒక్క పూటలో అన్ని నీళ్లు దిగాయి. ఆ రోజు నుంచి నేను కాగితం మార్చకుండా ఏ పువ్వునూ వదల్లేదు.

మీరు చేయాల్సింది ఇది. మంచు ఆరిపోయాక, అప్పుడే విచ్చిన పువ్వు కోయండి. వాన తడి ఉంటే ఆ రోజుకు వదిలేయండి. పువ్వును పలచటి, డిజైన్ లేని టిష్యూ మడతలో పెట్టండి. చుక్కల డిజైన్ ఉన్న టిష్యూ వాడితే ఆ చుక్కలన్నీ రేకు మీద అచ్చు పడతాయి. ఆ మడతకు కిందా పైనా నాలుగైదు న్యూస్ పేపర్లు వేసి, రెండు చెక్కల మధ్య బిగించండి. నున్నగా మెరిసే పత్రికల కాగితం పనికిరాదు, అది తడి పీల్చదు. మొదటి రోజు పొద్దునా సాయంత్రమూ, తర్వాత రోజుకొకసారి కాగితాలు మార్చండి. మార్చేది బయటి కాగితాలనే. టిష్యూ మడతను తెరవకుండా అలాగే ఎత్తి పొడి కాగితాల మీదికి మార్చాలి. సగం ఆరిన రేకును కదిపితే చిరుగుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే మడతను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

మీకు టైమ్ తక్కువ కాబట్టి ఇస్త్రీ పెట్టె కూడా వాడొచ్చు. ఆవిరి ఆపేసి, తక్కువ వేడి మీద, కాగితాల మధ్య పది పదిహేను సెకన్లు అదిమి, చల్లారనిచ్చి, మళ్లీ అదమండి. పలచటి పూలకు, ఆకులకు ఇది బాగా పనికొస్తుంది. మందమైన పువ్వు మాత్రం తొందరపడితే ఉడికిపోతుంది.

ఇక మీ మూడు చెట్ల సంగతి. కాగితం పూలు తేలిక. మనం పువ్వు అనుకునేది నిజానికి రంగుల పత్రమే, అందులో నీరు తక్కువ. శంఖపుష్పం కూడా త్వరగా ఆరితే ముదురు నీలంగా నిలబడుతుంది. దానికి రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే పదార్థాలు. పులుపు తగిలితే ఆ రంగులు మారిపోతాయి. ఒక రేకును నీళ్లలో నలిపి నిమ్మరసం చుక్క వేసి చూడండి, నీలం ఊదాకు తిరుగుతుంది.

అసలు కష్టం మందారంతోనే. దానికి జిగురెక్కువ. పువ్వు పువ్వంతా అదమకండి. మధ్య కాడ, కింది ఆకుపచ్చ గిన్నె తీసేసి, రేకులు విడివిడిగా ఆరబెట్టి తర్వాత కూర్చుకోండి. ఎరుపు ఊదాకు తిరగకుండా కొందరు రేకుకు పలచటి సిట్రిక్ యాసిడ్ నీళ్లు రాసి, అద్ది, అప్పుడు అదుముతారు. ముందు ఒక్క రేకుతో ప్రయత్నించండి. శంఖపుష్పానికి మాత్రం ఆ నీళ్లు తగలనివ్వకండి.

మైలుతుత్తం మాట నిజమే. అది రాగి లవణం. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. ఆకు చచ్చాక కణాల్లోని ఆమ్లం దాన్ని బయటికి నెట్టేస్తుంది, ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ ఖాళీలో రాగి చేరితే పచ్చదనం గట్టిగా నిలుస్తుంది. నమూనాలు భద్రపరిచేవాళ్లు అందుకే రాగి లవణాలను ఎసిటిక్ యాసిడ్‌తో కలిపి వేడి చేసి అందులో ఆకులు ముంచుతారు. కానీ అది విషం, ఆవిరి కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఇంట్లో వద్దనే చెబుతాను. పైగా లేత చిగురూ ముదురాకూ అన్నీ ఒకే పచ్చగా తేలతాయి. మీ అమ్మమ్మగారి తీగకు ఉన్న ఆ తేడాలే కదా మీకు కావాల్సింది!

ఆరాక వెలుతురే శత్రువు. ఫ్రేమ్ కట్టిస్తే ఎండ పడని గోడకు, వీలైతే ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ అద్దంతో పెట్టండి. సెల్లోటేపు వద్దు, పసుపెక్కుతుంది. తెల్ల జిగురు చుక్కలు చాలు.

ఇంకొక్క మాట. లండన్ లిన్నియన్ సొసైటీలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆరబెట్టిన మొక్కలున్నాయి, 1753కు ముందువి కూడా. ఆకారం ఉంది, రంగు చాలావరకు పోయింది. అందుకే మొక్కలు సేకరించేవాళ్లు పువ్వు తాజాగా ఉన్నప్పటి రంగును అప్పుడే చీటీ మీద రాస్తారు. మీరూ రాయండి, తేదీతో సహా. ‘నీలం’ అని ఊరుకోకుండా, మధ్యలో తెలుపు ఎంత ఉంది, అంచు ఎంత ముదురు, అన్నీ రాయండి. పక్కనే ఫొటో పెట్టండి.

ప్రశ్న: ఆరబెట్టిన ఆకులు ముట్టుకుంటే పొడైపోతున్నాయి. గ్లిజరిన్ వాడితే రంగు కూడా నిలుస్తుందా?

జవాబు: మెత్తదనం నిలుస్తుంది, పచ్చదనం నిలవదు. ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల వేడినీళ్లు కలిపి, కొమ్మ మొదలు చితక్కొట్టి అందులో నిలబెట్టండి. రెండు మూడు వారాల్లో ఆకులు తోలులా మెత్తబడి గోధుమ, ఇత్తడి రంగులకు తిరుగుతాయి. కొమ్మ ముదురుగా ఉండాలి, లేత చిగుళ్లయితే వాలిపోతాయి.