వెనక్కి ఎవరు నెట్టారు?

చిరంజీవికి, ఆశీస్సులు.

ఆవిరి యంత్రం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. జేమ్స్ వాట్ బాల్యానికీ కెటిల్ మూత కథకూ పేజీన్నర ఇచ్చి, అసలు విషయాన్ని, అంటే సిలిండర్ అనే గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిగే పిస్టన్ అనే బిళ్ల సంగతిని, "ఆవిరి పిస్టన్‌ను నెడుతుంది" అన్న ఒక్క వాక్యంతో ముగించావు. కెటిల్‌ను తీసేసి ఆ చోటు ఈ వాక్యానికివ్వు.

నా తొలి వ్యాసంలో నేనూ ఇదే వాక్యం రాశాను. అది చదివిన ఒకప్పుడు రైలింజన్‌లో బొగ్గు వేసిన ఒక రిటైర్డ్ ఫైర్‌మన్ "ముందుకు ఆవిరి నెట్టింది, సరే, వెనక్కి ఎవరు నెట్టారండీ?" అని అడిగితే నోట మాట రాలేదు. నీ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలుకావాలి.

1712 నాటి న్యూకొమెన్ యంత్రంలో సిలిండర్‌లోని ఆవిరి మీద చన్నీళ్లు చల్లితే అది నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడేది. పిస్టన్‌ను కిందికి నొక్కింది బయటి గాలి, మళ్లీ పైకి లాగింది పిస్టన్‌ను వేలాడదీసిన, తక్కెడలా ఊగే దూలం అవతలి కొసన వేలాడే పంపు కడ్డీల బరువు. వాట్ 1782లో పేటెంట్ పొందిన పద్ధతిలో పిస్టన్‌కు రెండు పక్కలా వంతులవారీగా ఆవిరి అందుతుంది: ఒక పక్క కొత్త ఆవిరి నెడుతుంటే, రెండో పక్క పని ముగిసిన ఆవిరి బయటికి పోతుంది.

ఈ వంతులు మార్చేది వాల్వ్. దీని దగ్గర తొందరపడకు. పిస్టన్ కడ్డీ తన కొసన జారే క్రాస్‌హెడ్ అనే దిమ్మనూ, అది కనెక్టింగ్ రాడ్ అనే పొడవాటి కడ్డీ ద్వారా ఇరుసును తిప్పే పిడి లాంటి క్రాంక్‌నూ కదిలిస్తే ఇరుసు తిరుగుతుంది. ఆ ఇరుసుకే బిగించిన ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకు జరిగిన బిళ్ల), మామూలు స్లైడ్ వాల్వ్ (అటూ ఇటూ జారే వాల్వ్) విషయంలో, క్రాంక్ కంటే పావు చుట్టుకు కొంచెం ఎక్కువ ముందుండి వాల్వ్‌ను జరుపుతుంది. అంటే పిస్టన్ తన తర్వాతి అడుగుకు దారి తానే తెరిపించుకుంటుంది. పైగా వాల్వ్ చివరిదాకా తెరిచి ఉండదు. కొంత దూరం పోయాక మూసుకుంటే, లోపల చిక్కిన ఆవిరి వ్యాకోచిస్తూ మిగిలిన దూరం నెడుతుంది. బొగ్గు ఆదా అయ్యేది ఇక్కడే.

క్రాంక్ నిటారుగా ఉన్నప్పుడు పిస్టన్ సరిగ్గా సగం దూరంలో ఉంటుందని అనుకుంటావేమో. ఉండదు. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అప్పటికే క్రాంక్ వైపు కాస్త జరిగి ఉంటుంది.

ఇక రెండు కొసల్లోనూ పిస్టన్ ఒక్క లిప్త ఆగుతుంది. మన బ్రాడ్‌గేజ్ మీద తిరిగిన డబ్ల్యూపీ రకం ఆవిరి రైలింజన్‌లో పిస్టన్ ప్రయాణం 28 అంగుళాలు, నడిపే చక్రం వ్యాసం 67 అంగుళాలు. గంటకు 96 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఐదు చుట్లు తిరుగుతుంది, ఒక్కో పిస్టన్ పదిసార్లు ఆగి వెనుదిరుగుతుంది. అలా ఆగిన చోట ఆవిరి ఎంత నెట్టినా క్రాంక్ తిరగదు. అందుకే ఇంజన్‌కు రెండు పక్కలా ఉన్న సిలిండర్ల క్రాంకులను పావు చుట్టు తేడాతో అమర్చారు: ఒకటి ఆగినప్పుడు రెండోది మంచి ఊపులో ఉంటుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగుసార్లు వినిపించే ఆ "ఛుక్" ఈ రెండు సిలిండర్ల నాలుగు కొసల నుంచి వెలువడే ఆవిరిదే.

తిరగరాసిన ప్రతితో పాటు క్రాస్‌హెడ్ బొమ్మ ఒకటి నీ చేత్తో గీసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి