ఫోం పరుపు మీద ఉచ్చ వాసన: ముందు ఆ నీళ్ల పైపు పక్కన పెట్టండి

మీ ప్రశ్న ఇదీ: గుంటూరులో ఉంటాం, మూడేళ్ల బాబు రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు, ఆరంగుళాల ఫోం పరుపు, మేడ మీద ఎండేసినా ముసురు పట్టగానే మళ్లీ కంపు కొడుతోంది, పైపు పెట్టి కడిగేయొచ్చా? కడగొద్దు. మిగతాదంతా చదవకపోయినా ఈ ఒక్క మాట పట్టుకోండి.

ఫోం నీళ్లు పీల్చుకున్నంత తేలిగ్గా వదలదు. పైపుతో తడిపితే పైపొరలో ఉన్న ఉచ్చ కాస్తా అడుగుకి దిగుతుంది. పైబట్ట సాయంత్రానికల్లా ఆరిపోతుంది, నడిమధ్య మాత్రం తడి అలాగే ఉండి బూజు పడుతుంది. అప్పటిదాకా ఒక వాసనే, ఇప్పుడు రెండు.

ఎండేస్తే చాలు అనే పెద్దవాళ్ల మాట సగమే నిజం. ఉచ్చలో ఉండే యూరియాని బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. ముక్కు అదిరే ఘాటు దానిదే. అది ఎండకి ఎగిరిపోతుంది. యూరిక్ యాసిడ్ మాత్రం నీళ్లలో సరిగా కరగదు, సన్నటి పలుకుల్లా ఫోంలోనే ఉండిపోతుంది. రోహిణి కార్తెలో ఏ వాసనా లేని పరుపు శ్రావణంలో కంపు కొట్టడానికి కారణం ఇదే. గాలిలో చెమ్మ తగలగానే లోపల మిగిలినదంతా మళ్లీ మేలుకుంటుంది.

వాడు తడిపిన వెంటనే చూసుకుంటే పని సులువు. దుప్పటి తీసేసి, పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు వేసి మరక మీద పెట్టి, మోకాలు ఆనించి మీ బరువంతా మోపండి. రుద్దొద్దు, రుద్దితే మరక వెడల్పవుతుంది. అంచు నుంచి మధ్యకి రండి. తువ్వాలు మడత మార్చుకుంటూ, ఎంత నొక్కినా తడి అంటనిదాకా చేయాలి. తర్వాత తెల్ల వెనిగర్, చన్నీళ్లు సమపాళ్లలో స్ప్రే సీసాలో కలిపి, పైబట్ట తడిసేంతే కొట్టి, పది నిమిషాలాగి మళ్లీ అద్దండి. ఫ్యాన్ కింద ఆరాక వంటసోడా చల్లండి. బట్ట కనపడనంత మందంగా పడాలి, కనీసం ఎనిమిది గంటలు ఉండాలి. తర్వాత వాక్యూమ్‌తో లాగేయండి, అది లేకపోతే పరుపు నిలబెట్టి మెత్తటి చీపురుతో దులపండి. తడి ఉండగానే చల్లితే గడ్డకట్టి కుట్ల సందుల్లో ఇరుక్కుంటుంది, ఆనక గోటితో గీరుకోవాలి. కొట్టువాడు బేకింగ్ పౌడర్ డబ్బా చేతిలో పెడితే వెనక్కిచ్చేయండి, చాకలి సోడా కూడా వద్దు.

వీడియోల్లో సోడా మీద వెనిగర్ పోసి, బుసబుస పొంగగానే మరక పోయిందని చూపిస్తుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పొంగు చల్లారాక మిగిలేది కాస్త ఉప్పునీళ్లూ, ఎగిరిపోయిన గ్యాసూ. విడివిడిగా, మధ్యలో ఆరనిచ్చి వాడితేనే రెండూ పనికొస్తాయి.

మీది పాత మరక కాబట్టి వెనిగర్‌తో ఆగదు. ముందు ఎంజైమ్ క్లీనర్ తెచ్చుకోండి. కుక్కలు, పిల్లుల ఉచ్చ వాసనకని పెట్ షాపుల్లో అమ్ముతారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టేది అదే. పైన తుడిచి వదిలేస్తే లాభం లేదు, ఉచ్చ ఎంత లోతు దిగిందో ఇదీ అంత లోతు దిగాలి. కొట్టాక సీసా మీద రాసినంతసేపు తడి ఆరకుండా ఉంచాలి, ఫ్యాన్ గాలికి ముందే ఆరిపోయేలా ఉంటే పైన తడిగుడ్డ కప్పండి. తర్వాత తువ్వాలుతో నొక్కి తీసేయండి. ఇది పనిచేయలేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది అంతకుముందే అదే చోట డెటాలో, ఫినాయిలో, వేడినీళ్లో పోసుంటారు. వాటితో ఎంజైమ్ చచ్చిపోతుంది.

వాసన తగ్గి పసుపుపచ్చ మచ్చ మిగిలితే అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో ఎక్కువగా ఇచ్చేది 6 శాతంది, సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. సమానంగా నీళ్లు కలిపితే 3 శాతమవుతుంది. ఆ 3 శాతం నీళ్లు ఒక కప్పు, అంటే 240 మి.లీ., అందులో మూడు టేబుల్ స్పూన్ల వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. గిన్నెలో కలపండి, రబ్బరు తొడుగులు వేసుకోండి, చర్మానికి తగిలితే తెల్లగా పాలిపోయి చురుక్కుమంటుంది. కలిపింది సీసాలో పోసి మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. రేపటికని దాచినా దండగే, కలిపిన వెంటనే వాడాలి.

స్పాంజితో మచ్చ మీద, మచ్చ దాటి ఇంకో రెండంగుళాలు అద్దండి. సరిగ్గా మచ్చ వరకే తడిపితే ఆరేటప్పుడు మురికి అంచుకి చేరి కొత్త వలయం కడుతుంది. చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది. గోధుమరంగు అంచు ముందు లేతపడి, తర్వాత మధ్యది వెలుస్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే ఆరాక పైన తెల్లటి పొరలా సోడా తేలుతుంది, దాన్ని దులిపేయండి. రంగుబట్ట అయితే రంగూ పోతుంది, ముందు మూలన ఒక చుక్క వేసి చూసుకోండి. పెరాక్సైడ్‌నీ వెనిగర్‌నీ ఒకే గిన్నెలో కలపొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాని ఆమ్లం తయారవుతుంది. ఉచ్చ మీద బ్లీచింగ్ అయితే అసలే వద్దు, అమ్మోనియాతో కలిసి విషవాయువు వస్తుంది. అగరొత్తులు, సెంటు స్ప్రేలు కంపుకి పూలదండ వేయడానికే.

ఇక ఆరబెట్టడం. పరుపుని పడుకోబెట్టి కాదు, గోడకి నిలబెట్టి, రెండు పక్కలా గాలి తగిలేలా టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. మన మే నెల ఎండలో ఫోంని పొద్దంతా వదిలేస్తే పచ్చబడి, పొడిపొడిగా రాలుతుంది, లేటెక్స్‌ అయితే ఇంకా త్వరగా పాడవుతుంది. రబ్బరు కలిపిన కొబ్బరిపీచు పరుపుదీ అదే సంగతి. పొద్దున రెండు గంటల ఎండ, తర్వాత నీడలో గాలి. ఆరిందో లేదో తెలుసుకోవాలంటే అరచేత్తో లోపలికి బాగా అదిమి అర నిమిషం ఉంచండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, దుప్పటి వేయొద్దు. పత్తి పరుపుకైతే ఈ తిప్పలేం లేవు, విప్పి, గలీబు ఉతుక్కుని, దూది ఎండబెట్టి ఏకించుకుంటే కొత్తదే. ఆ ఏకేవాళ్లు వీధుల్లో కనపడటం తగ్గిపోయింది, మనకేమో ఫోం మోజు.

పరుపు మీద పడే వేరే మరకల సంగతీ చెప్తాను. నెత్తురుకి చన్నీళ్లే, వేడి తగిలితే గడ్డకట్టి పట్టుకుంటుంది. పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రబడితే కంగారుపడకండి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అయినట్టే, సబ్బులో క్షారానికి అలా మారింది. వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పచ్చబడుతుంది, తర్వాత ఎండ చూపిస్తే వెలిసిపోతుంది. ఆవకాయ నూనె మరకకి నీళ్లకన్నా ముందు మొక్కజొన్న పిండి చల్లి పీల్చనివ్వాలి. అసలు మంచం మీద కంచం ఎందుకు పెట్టారని నేను అడగను.

ఏ మందుకీ లొంగని పరుపులూ ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీశాక వీధి పొడుగునా బురద పట్టిన పరుపులు పడున్నాయి. వాటిని ఎండబెట్టి వాడుకుందామనుకున్నవాళ్లని తప్పుపట్టలేం, కొన్నది కష్టపడే కదా. కానీ డ్రైనేజీ కలిసిన వరదనీళ్లు ఒకసారి ఫోం లోపలికి వెళ్తే ఏ ఎంజైమూ, ఏ ఎండా దాన్ని పిల్లలు పడుకునే పరుపుగా చేయలేవు. పారేయాల్సిందే. మీ బాబు పరుపు అలాంటిది కాదు, బాగుపడుతుంది.

అయితే వాడు ఇంకా తడుపుతాడు. మూడేళ్లకి అది మామూలే, ఐదేళ్ల దాకా డాక్టర్లు కూడా దాన్ని జబ్బుగా చూడరు. కొట్లో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు విప్పకుండా పడుకోబెట్టొద్దు, చెమట లోపలే ఉడికి ఇంకో వాసన. మెడికల్ షాపులో దొరికే ముదురెరుపు రబ్బరు షీటుని బాబు నడుము కింద పడేలా అడ్డంగా పరిచి, అంచులు పరుపు కింద దోపి, పైన నాలుగు మడతల పాత నూలుచీర వేయండి. అర్ధరాత్రి తడిపితే చీర, షీటు లాగేసి ఇంకో జత వేస్తే సరిపోతుంది. షీటుని నీడలోనే ఆరేయండి, ఎండకి రబ్బరు అతుక్కుపోతుంది. కంపెనీ పరుపు అయితే వారంటీ కార్డు కూడా ఒకసారి చూసుకోండి, మరక పడితే వారంటీ చెల్లదని చాలావాటిలో చిన్న అక్షరాల్లో రాసుంటుంది.