పాఠకుల ప్రశ్నలు: కెఫీన్ వల్ల వ్యసనం తిరగబెడుతుందా?

ప్రశ్న: కొకైన్ మానిన ఎలుకలకు కెఫీన్ ఇస్తే మళ్లీ కొకైన్ కోసం వెతుకుతాయని చదివాను. ఎలుక మానేసిందనీ, మళ్లీ మొదలుపెట్టిందనీ ఎలా తేలుస్తారు?

జవాబు: ఎలుక తనంతట తాను మానదు, ప్రయోగం చేసేవారే మాన్పిస్తారు. ఈ తేడాను మరిచిపోతే ఫలితాలన్నీ తప్పుగా అర్థమవుతాయి. ముందుగా ఎలుకకు మత్తిచ్చి మెడ సిరలో సన్నని గొట్టం అమరుస్తారు. పెట్టెలో రెండు మీటలుంటాయి. ఒకటి నొక్కితే పంపు తిరిగి కాస్త కొకైన్ సిరలోకి వెళ్తుంది. రెండోది నొక్కితే ఏమీ రాదు. రోజుకు సుమారు రెండు గంటల చొప్పున రెండు వారాలు గడిచేసరికి నొక్కడం నిలకడగా సాగుతుంది. అప్పుడు కొకైన్ ఆపేస్తారు. నొక్కినా ఏమీ దక్కకపోవడంతో ఎలుక క్రమంగా నొక్కడం తగ్గించేస్తుంది. ఆ దశలో పొట్టలోకి కెఫీన్ సూది వేసి, మళ్లీ పెట్టెలో వదిలి, కొకైన్ మీటను ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెడతారు. ఈ పరీక్షలో కొకైన్ చుక్క కూడా రాదు. అంటే ఇక్కడ కొలిచేది వెతుకులాటను, వాడకాన్ని కాదు.

1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొకైన్ సూదితోనే కాక కెఫీన్ సూదితోనూ ఎలుకలు మళ్లీ మీట నొక్కడం మొదలుపెట్టాయి. 2003లో బబూన్ కోతుల మీద జరిగిన పరిశోధనలో, కెఫీన్ లాగే అడినోసిన్‌ను (మెదడులో నిద్రమత్తు తెచ్చే రసాయనాన్ని) అడ్డుకునే మరో మందుకు కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది.

ప్రశ్న: కెఫీన్ వేస్తే ఎలుక హుషారుగా పరుగులు తీస్తుంది కదా. ఆ ఊపులో మీట తగిలిందేమో?

జవాబు: సరైన అనుమానం. అందుకే రెండో మీటను పెడతారు. రెండు మీటల మీదా నొక్కుళ్లు ఒకేలా పెరిగితే అది ఊరికే తిరుగుడు. కొకైన్ మీట మీదే ఎక్కువగా పెరిగితేనే దాన్ని వెతుకులాటగా లెక్కించాలి. రెండో మీట లెక్క ఇవ్వని పరిశోధన పత్రాన్ని నమ్మడం మా దృష్టిలో తొందరపాటే.

పొరపాట్లకు ఇంకా చోట్లున్నాయి. నొక్కడం పూర్తిగా తగ్గకముందే పరీక్షిస్తే, మిగిలిన పాత అలవాటునే కెఫీన్ ప్రభావం అనుకుంటాం. సూది గుచ్చడం కూడా ఎలుకకు ఒత్తిడే, ఒత్తిడి దానికదే వెతుకులాటను రేపగలదు. కాబట్టి ఉప్పునీటి సూది వేసిన గుంపు ఉండాలి, ముందు రోజుల్లోనే సూదికి అలవాటు చేయాలి. శిక్షణ కాలంలో గొట్టం మూసుకుపోతే ఎలుకకు కొకైనే అందదు. గొట్టం తెరిచి ఉందో లేదో మధ్యమధ్య చూడని ప్రయోగం వృథా. మరొకటి, కెఫీన్ మోతాదు బాగా పెరిగితే కదలిక పెరగకపోగా తగ్గుతుంది. ఒక్క పెద్ద మోతాదుతో పరీక్షించి ‘ప్రభావం లేదు’ అనేస్తే పొరపాటే. కనీసం మూడు నాలుగు మోతాదులు చూడాలి.

ప్రశ్న: కెఫీన్ కొకైన్ కాదు కదా, మెదడులో ఈ లంకె ఎక్కడిది?

జవాబు: మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పేరుకుంటూ నిద్రమత్తు తెస్తుంది. కణాల మీద దాని సంకేతాన్ని అందుకునే A1, A2A అనే గ్రాహకాలకు కెఫీన్ అడ్డుపడుతుంది. మెదడులో స్ట్రయేటం అనే భాగంలో A2A గ్రాహకాలు, డోపమైన్ (కోరికను నడిపే మెదడు రసాయనం) సంకేతాన్ని అందుకునే D2 గ్రాహకాలు ఒకే కణాల మీద జంటగా ఉంటాయి. A2A పనిచేస్తుంటే D2 సంకేతం బలహీనపడుతుంది. కెఫీన్ ఆ కళ్లెం తీసేస్తుంది. కొకైన్ డోపమైన్‌నే పెంచుతుంది, కెఫీన్ ఉన్న డోపమైన్ మాట గట్టిగా వినబడేట్టు చేస్తుంది. దీనికి తిరుగు పరీక్ష కూడా జరిగింది: A2Aను ఉత్తేజపరిచే మందు ఇచ్చినప్పుడు ఎలుకల్లో కొకైన్ వెతుకులాట తగ్గింది.

ప్రశ్న: ఎలుకకు ఇచ్చిన మోతాదు మనిషికి ఎన్ని కప్పులు?

జవాబు: శరీర ఉపరితల వైశాల్యం ఆధారంగా లెక్కించాలంటే, ఎలుక మోతాదును 6.2తో భాగించాలి. కిలోకు 10 మిల్లీగ్రాములు అంటే మనిషికి కిలోకు 1.6, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 97 మిల్లీగ్రాములు. ఒక పెద్ద కప్పు కాఫీకి దగ్గరే. అయితే ఎలుకలో కెఫీన్ సగానికి తగ్గడానికి గంట చాలు, మనిషికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పైగా అక్కడ సూది, ఇక్కడ నెమ్మదిగా చప్పరించే కప్పు. రోజూ తాగేవారిలో ప్రభావం మొద్దుబారి ఉంటుంది కూడా. ఈ అంకె మోతాదు స్థాయిని మాత్రమే చెబుతుంది, ఫలితాన్ని కాదు.

ప్రశ్న: మా తమ్ముడు ఆంఫెటమిన్ (కొకైన్ లాగే ఉత్తేజపరిచే మాదకం) మాని కొన్నాళ్లే అయింది. కాఫీ కూడా మాన్పించాలా?

జవాబు: ఎలుకల ఫలితం చూసి ఉన్నపళాన మాన్పించకండి. కెఫీన్ హఠాత్తుగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, నీరసం మొదలై, రెండు నుంచి తొమ్మిది రోజులు ఉండవచ్చు. కోలుకుంటున్న మనిషికి ఆ బాధ అదనపు భారం. ముందు అతను రోజుకు తీసుకునే కెఫీన్ మొత్తం లెక్కకట్టండి: కాఫీ కప్పు సుమారు 95, టీ సుమారు 40, 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింక్ సుమారు 80 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400, ఒక్కసారికి 200 దాటవద్దని సాధారణ సూచన. ఇతనికి అంతకంటే తక్కువగా ఉంచితే మంచిది. మూడు నాలుగు రోజులకోసారి పావు వంతు తగ్గించండి. ఎనర్జీ డ్రింకులు ముందు ఆపండి, కప్పు కాఫీ తర్వాత చూసుకోవచ్చు. మధ్యాహ్నం దాటాక కెఫీన్ వద్దు. నిద్ర చెడితే మాదకం మీద కోరిక పెరిగే ముప్పుంది, మా భయం కాఫీ గురించి కంటే దాని గురించే ఎక్కువ. కాఫీ తాగిన గంటలోపు కోరిక రేగుతోందా అని అతన్నే వారం పాటు రాసి పెట్టుకోమనండి. రేగుతోందంటే ఆ కాగితం చికిత్స చేస్తున్న వైద్యుడికి చూపించండి. గుండెదడ, వణుకు, ఆందోళన కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు తీసుకెళ్లండి.