శనివారం కబుర్లు మానేయాలా?

ప్రశ్న (ఉత్తరం కుదించాం): నా వయసు 52. మాది రాజమండ్రి. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఇంట్లో నేను, మావారు, మా అత్తయ్య. 2020 లాక్‌డౌన్‌లో కేకులు నేర్చుకుంటూ ఆన్‌లైన్‌లో పరిచయమైన ఐదుగురం ఇప్పటికీ ప్రతి శనివారం రాత్రి వీడియో కాల్‌లో కలుస్తాం. ఒకరిది నిజామాబాద్, ఒకరిది కాకినాడ, ఒకరు దుబాయ్, ఒకరు న్యూజెర్సీ. ఎవరేం బేక్ చేశారో చూపించుకుంటూ, కష్టసుఖాలు చెప్పుకుంటూ గంటన్నర గడిపేస్తాం. ఇన్నేళ్లూ ఏమీ అనని మావారు నవంబరు నుంచి కాల్ మొదలవగానే టీవీ సౌండ్ పెంచుతున్నారు. న్యూజెర్సీ ఆవిడ వీలు కోసం ఏడున్నర కాల్‌ను ఎనిమిదిన్నరకు మార్చుకున్నది కూడా అప్పుడే. 'మొహం చూడని వాళ్లతో ఏం మాటలే' అంటుంది అత్తయ్య. ఆ మధ్య మావారు నాకు చెప్పకుండా కట్టిన చీటీలో డబ్బులు పోయాయి. ఆయన అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. 'మా ఆయన లెక్కల్లో పులి, చీటీలో పిల్లి' అని కాల్‌లో చెబితే అందరూ నవ్వారు. అది ఆయన విన్నారు. అప్పటినుంచి శనివారం తనే వడ్డించుకుని తినేసి పడుకుంటున్నారు. నిజామాబాద్ అక్క కేకుల వ్యాపారం పెడదామంటోంది. నా దాచుకున్న డబ్బులో నలభై వేలు ఇద్దామనుకుంటున్నాను, ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ స్నేహాలు వదులుకోవాలా?

జవాబు: వదులుకోవద్దు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి.

ముందు గడియారం సంగతి తేల్చేద్దాం. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మన రాత్రి ఏడున్నర న్యూజెర్సీలో ఉదయం పది. ఆ తర్వాత అదే ఏడున్నర అక్కడ తొమ్మిది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా ఇంతే. ఆవిడ పది గంటల కోసం మీ కాల్ సరిగ్గా మీ ఇంట్లో అన్నాల వేళకు వచ్చి కూర్చుంది. మీవారికి షుగరు ఉందనీ, వేళకు తినాలనీ ఉత్తరం చివర్లో ఎక్కడో రాశారు. అదే ముందు రాయాల్సిన సంగతి! ఈ శనివారం నుంచి పాత టైముకే పెట్టుకుందామని చెప్పండి. న్యూజెర్సీ ఆవిడకు కుదిరితే తొమ్మిదికే వస్తుంది, లేదంటే ఆలస్యంగా కలుస్తుంది. ఇన్నేళ్ల స్నేహం అంతమాత్రానికి చెడదు.

ఇక రెండోది. ఇది టైము మారిస్తే పోయేది కాదు.

చీటీలో పోయిన డబ్బు మీది కూడా. మీకు చెప్పకుండా కట్టారన్న కోపమూ న్యాయమే. ఆ బాధ ఎవరి దగ్గరైనా చెప్పుకునే హక్కు మీకుంది. ఆ పులి, పిల్లి మాటతో మీ గుండె బరువు కాస్త దిగి ఉంటుంది. కానీ హాల్లో కూర్చున్న మనిషికి వినబడింది నవ్వు ఒక్కటే. జీవితమంతా పైసా తేడా రాకుండా పక్కవాళ్ల లెక్కలు చూసిన మనిషి, సొంత డబ్బు దగ్గర దెబ్బతిన్నాడు. ఆ సంగతి దుబాయ్ దాకా తెలిసిపోయింది. ఆయన కోపం కేకుల మీద అని మీరనుకుంటున్నారు. టీవీ సౌండ్ టైము మారినందుకు. ఒక్కరే వడ్డించుకుని తినేయడం మాత్రం ఆ నవ్వు విన్నందుకే అని నాకనిపిస్తోంది.

ఆయనతో మాట్లాడండి. శనివారం మాత్రం వద్దు. ఆదివారం పొద్దున్నే అత్తయ్య పూజలో ఉన్నప్పుడు, కాఫీ దగ్గర. 'ఏమండీ, చీటీ సంగతి వాళ్ల దగ్గర అలా అనకుండా ఉండాల్సింది' అనండి, చాలు. వెంటనే 'కానీ మీరు కూడా...' అని మొదలెట్టకండి. టీవీ పంచాయితీ ఇంకో రోజు చూసుకోవచ్చు. ఆయన 'నేనేం బాధపడలేదులే' అంటారు, దాదాపు ఖాయం. ఆ మాట పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోకండి, గుచ్చి గుచ్చి అడగనూ వద్దు. కాఫీ అయ్యేదాకా అక్కడే కూర్చోండి. ఇకమీదట కాల్‌లో ఆయన కబుర్లు చెప్పవచ్చు, ఆయన పక్కనే కూర్చుని విన్నా నొచ్చుకోనివి మాత్రమే.

అత్తయ్య మాటకొస్తే, ఇన్నేళ్లుగా వారం వారం చూస్తున్న మొహాలను 'చూడని మొహాలు' అనడం నాకు నవ్వొచ్చింది. కాకినాడ ఆవిడ కేకు మధ్యలో గుంటపడితే, నిజామాబాద్ అక్క కెమెరాలో చూసే 'గంత తొందరేంది, నడుమనే ఓవెన్ తలుపు తీసినవు గదా' అని కసిరిందని రాశారు. చుట్టాల్లో మాత్రం ఆ చనువు ఎంతమంది దగ్గరుంటుంది? పెద్దావిడను ఒక శనివారం పక్కన కూర్చోబెట్టుకోండి. అరిసెల పాకం ఏ దశలో దించాలో ఆవిడను అడగమని స్నేహితులకు ముందే చెప్పి ఉంచండి. నీళ్లలో వేస్తే ఉండ ఎలా కట్టాలో చెప్పడం మొదలెట్టాక కాల్ ముగించడం మీ తరం కాదు.

మీవారి కోసం కూడా ఏదో ఒకటి ఆ ఓవెన్‌లోంచి రావాలి. ప్రతివారం ఇల్లంతా వెనిలా వాసన వస్తుంటే తినలేని మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. కేకులో పంచదార బదులు బెల్లం వేస్తే షుగరు పెరగదనే మాట మాత్రం నమ్మకండి, రెండూ పెంచుతాయి. అదే ట్రేలో పల్లీలు పరిచి, చెంచాడు నూనె, ఉప్పు, కారం కలిపి వేయించండి. సాయంత్రం టీతో గుప్పెడు తింటారు.

నలభై వేల విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. ఆయన మీకు చెప్పకుండా చీటీ కట్టారనేగా మీ కోపం? ఇప్పుడు మీరు ఆయనకు చెప్పకుండా వ్యాపారంలో పెట్టబోతున్నారు. నిజామాబాద్ అక్క మంచిదే కావచ్చు, నేను అనుమానించడం లేదు. అయినా ఆ డబ్బుతో ఏం కొంటారు, అది ఎవరింట్లో ఉంటుంది, లాభం ఎలా పంచుకుంటారు, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగొస్తుంది, ఇవన్నీ కాగితం మీద పెట్టమనండి. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది ఎవరి పేరున తీసుకుంటారో కూడా అడగండి. ఆ కాగితం తీసుకెళ్లి మీవారి ముందు పెట్టండి. వెన్న, కోకో, కరెంటు, అట్టపెట్టెలు, కొరియర్ కలిపి కిలో కేకుకు ఎంత పడుతుందో లెక్క వేయమనండి. లెక్కలో ఏదైనా లోటుంటే మీ ఐదుగురికన్నా ముందు ఆయన కంటే పడుతుంది. అంతా చూసి వద్దంటే ఎందుకో అడిగి వినండి. మీరు దాచుకున్న డబ్బు గనక చివరి మాట మీదే. కానీ చెప్పకుండా ఇవ్వకండి. పోయినా ఫర్వాలేదనుకున్నంతకు మించి అసలే ఇవ్వకండి.

ఇంకొకటి. ఈ మధ్యే రిటైరయ్యారు, వెంటనే డబ్బు పోయింది. ఆయన మిగతా రోజుల్లో ఎలా ఉంటున్నారో మీరు రాయలేదు. నిద్ర తగ్గిందా, వాకింగ్‌కు వెళ్లడం మానేశారా, స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదా, కనిపెట్టండి. మీరు మాట్లాడాక కూడా రెండు మూడు వారాలు అలాగే ముభావంగా ఉంటే డాక్టరుకు చూపించండి. షుగరు చెకప్‌కు ఎలాగూ వెళ్తారు కదా, అప్పుడే ఇదీ చెప్పండి. మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ ఒకటుంది, టెలి మానస్, నంబరు 14416. ప్రభుత్వానిదే, పైసా ఖర్చుండదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆయన చేయనంటే ముందు మీరే చేసి అడగండి.