యువాన్‌జీ వేరు వాడబోయే ముందు: హారికకు పెద్దమ్మ లేఖ

చిరంజీవి హారికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర చెడిపోయిందనీ, ఆఫీసులోని చైనా స్నేహితురాలు యువాన్‌జీ వేరు కషాయం తాగమని చెప్పిందనీ, తెనాలిలో ఉన్న మీ అమ్మకు కూడా కొంత పంపాలని ఉందనీ రాశావు. నేను ఉద్యోగ జీవితమంతా సింగపూర్‌లో ఫార్మసిస్టుగా గడిపినదానిని. ఇక్కడి చైనా వైద్యుల మందుచీట్లతో వచ్చి సందేహాలు అడిగేవారిని ఎందరినో చూశాను. అందువల్ల నీకు ఈ విషయం కొంత విపులంగా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఈ వేరు సన్నని ఆకులతో, నీలి ఊదారంగు పూలతో పెరిగే ఒక చిన్న మొక్కది. చైనాలో షాన్‌శీ మొదలైన ఉత్తర ప్రాంతాల నుంచి ఇది ఎక్కువగా వస్తుంది. వసంతంలోనో, శరత్కాలంలోనో తవ్వి, పీచువేళ్లూ మట్టీ తీసి ఎండబెడతారు. చైనా వైద్యం మనస్సుకు స్థానం గుండె అని భావిస్తుంది. గుండెకూ మూత్రపిండాలకూ మధ్య పొందిక తప్పినప్పుడు నిద్ర పట్టకపోవడం, కలలు ఎక్కువ కావడం, గుండె దడ, మతిమరుపు కలుగుతాయనీ, ఆ పొందికను ఈ వేరు తిరిగి కుదురుస్తుందనీ ఆ వైద్యులు చెబుతారు. కఫం పట్టిన దగ్గుకు కూడా దీనిని వాడతారు.

ఇక్కడే నీవు జాగ్రత్తగా వినవలసిన సంగతి ఉంది. కఫాన్ని కరిగించే గుణమూ, కడుపును బాధించే గుణమూ ఈ వేరులో ఉన్న, సబ్బులా నురగ వచ్చే సపోనిన్లు అనే పదార్థాల వల్లనే కలుగుతాయి. అవి జీర్ణాశయపు లోపలి పొరను కొద్దిగా రేపడం వల్లనే ఊపిరితిత్తుల మార్గంలో స్రావం పెరిగి కఫం పలుచబడుతుంది. మోతాదు మించితే అదే గుణం వికారానికీ వాంతులకూ దారితీస్తుంది. పచ్చి వేరును నమిలినా, శుద్ధి చేయకుండా కషాయం కాచినా గొంతు గీరుకుపోయినట్లు ఉంటుంది. అందుకే పూర్వపు వైద్యులు రెండు పనులు చేశారు. మొదటిది, వేరు నడిమి పుల్లను లాగేసి బెరడును మాత్రమే వాడడం. ఆ పుల్ల మనిషిని అస్తిమితపరుస్తుందని వారి నమ్మకం. సపోనిన్లు ఎక్కువగా బెరడులోనే ఉంటాయి కనుక మందు బలం చూసినా ఆ పద్ధతి సబబుగానే తోస్తుంది. రెండవది, నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైనది, అతిమధురంతో శుద్ధి చేయడం. వంద కిలోల వేరుకు ఆరు కిలోల అతిమధురం చొప్పున తీసుకుని, అతిమధురాన్ని నీటిలో కాచి వడగట్టి, ఆ నీటిలో వేరును వేసి, నీరంతా వేరులోకి ఇంకేవరకు సన్నని సెగపై ఉంచి ఆరబెడతారు. మన ఆయుర్వేదంలో తీక్ష్ణమైన ద్రవ్యాలకు చేసే శుద్ధి కూడా ఇటువంటిదే. శుద్ధి అయిన వేరు పసుపు కలిసిన గోధుమరంగులో ఉండి, నాలుకకు కొద్దిగా తియ్యగా తగులుతుంది. దుకాణంలో శుద్ధి చేసినదే కావాలని స్పష్టంగా అడుగు.

నీ స్నేహితురాలు ఈ వేరును ఒక్కదానినే కాచుకోమని చెప్పి ఉంటే, అది చైనా సంప్రదాయంలో మామూలుగా చేసే పద్ధతి కాదు. తాంగ్ రాజవంశ కాలంలో, ఏడవ శతాబ్దంలో జీవించిన సున్ సీమియావ్ అనే మహావైద్యుని యోగంలో, అంటే మందుల కూర్పులో, దీనికి తోడుగా జిన్‌సెంగ్ అనే వేరు, ఫూలింగ్ అనే శిలీంధ్రం, షీచాంగ్‌పూ అనే దుంప ఉంటాయి. ఈ షీచాంగ్‌పూ మన వసకు దగ్గర చుట్టం. పసిపిల్లలకు మాటలు రావాలని మన ఇళ్లలో వస పోస్తారు, చైనాలో షీచాంగ్‌పూను తలలోని మందకొడితనం పోవాలని వాడతారు. దిగులు, నీరసం, ఆకలిలేమితో కూడిన నిద్రలేమికి ఇచ్చే గ్వీపీ తాంగ్ అనే యోగంలో రేగు జాతి పండు గింజలు, మరికొన్ని ద్రవ్యాలు దీనితో కలుస్తాయి. మనిషి ఒంటి తీరును బట్టి ఈ కూర్పు మారుతుంది. కనుక నీకు ఏది తగునో స్నేహితురాలు గానీ నేను గానీ నిర్ణయించలేము.

మోతాదు విషయంలో చైనా ఔషధ ప్రమాణ గ్రంథం రోజుకు 3 నుంచి 10 గ్రాములు అని చెబుతుంది. పాత దుకాణాలలో ఇప్పటికీ చియెన్ అనే పాత తూకం లెక్కన మాట్లాడేవారు ఉంటారు. అది మూడు, నాలుగు గ్రాముల మధ్య తూగుతుంది కనుక, గ్రాములలోనే తూచి ఇమ్మని అడుగు. వైద్యుడు కూర్చి ఇచ్చిన పొట్లాన్ని అరగంట చన్నీటిలో నానబెట్టి, మట్టి పాత్రలో గానీ పింగాణీ పాత్రలో గానీ మరిగించి, తరువాత ఇరవై, ముప్పై నిమిషాలు చిన్న మంటపై ఉంచి వడగట్టు. ఇనుప పాత్ర పనికిరాదు. అదే సరుకును మళ్లీ నీరు పోసి కాచి, రెండు కషాయాలనూ కలిపి రెండు పూటలకు పంచుకుని, భోజనం తరువాత గోరువెచ్చగా తాగు. పరగడుపున మాత్రం ఎన్నడూ తాగవద్దు.

కడుపులో పుండు, తీవ్రమైన గ్యాస్ట్రిక్ మంట ఉన్నవారు దీని జోలికి పోకూడదు. గర్భం ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా మానుకో. నిద్రమాత్రలు, దిగులుకు వాడే మాత్రలు వేసుకునేవారు తమ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆధునిక పరిశోధనలు చాలావరకు జంతువులపైనే జరిగాయి. మనుషులపై జరిగినవి కొద్ది. కాబట్టి ఇది తప్పక పనిచేస్తుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మీ అమ్మకు మాత్రం పంపవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆమెకు ఎప్పటినుంచో కడుపులో మంట ఉంది, రక్తపోటుకు మాత్రలు వేసుకుంటుంది. ఈ వేరు కడుపును రేపుతుంది. శుద్ధికి వాడే అతిమధురం మోతాదు మించితే రక్తపోటు పెంచి ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. శుద్ధిలో చేరే అతిమధురం కొద్దిదే అయినా, అక్కడ ఆమెను చూసే చైనా వైద్యుడు లేనప్పుడు కూర్పు తెలియని పొట్లం చేతికివ్వడం మంచిది కాదు. ఆమె నిద్ర సంగతి తెనాలి డాక్టరుకే చెప్పుకోనివ్వు.

నీ విషయానికి వస్తే, ముందుగా పాలీక్లినిక్‌కు, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యశాలకు, వెళ్లి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకో. షిఫ్టు ముగిశాక పగలు పడుకునే గదిని చీకటి చేసుకో, రాత్రి రెండు గంటల తరువాత కాఫీ మానుకో. ఇవి చేశాక కూడా నిద్ర పట్టకపోతే, చైనాటౌన్‌లో దుకాణదారుని దగ్గర కాక, నమోదైన చైనా వైద్యుని దగ్గరకు వెళ్లు. సింగపూర్‌లో 2000 నాటి చట్టం ప్రకారం ఈ వైద్యులు చైనా వైద్యుల బోర్డులో నమోదు కావాలి. పేరు జాబితాలో ఉన్నదీ లేనిదీ నీవే చూసుకోవచ్చు. నీవు వేసుకునే మాత్రలన్నీ చీటీ మీద రాసి తీసుకువెళ్లు, ఆయన రాసిన మందుచీటీ ఫోటో నాకు పంపు. కషాయం మొదలుపెట్టిన తరువాత వికారం గానీ, కడుపులో మంట గానీ వస్తే ఆ పూటే ఆపి, ముందు ఆయనకు, తరువాత నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ