చిట్టడవిలో, జామాయిల్ తోటలో పడేవి ఒకే ఎలుకలా?

తమ్ముడూ, ఉదయగిరి దగ్గర చిట్టడవిలోనూ, దాన్ని ఆనుకున్న జామాయిల్ తోటలోనూ విడివిడిగా బోన్లు పెడితే రెండుచోట్లా చిట్టెలుకలు పడ్డాయి, అవి అటూ ఇటూ తిరుగుతున్నాయా, దేని చోటు దానిదేనా అని అడిగావు.

ఎన్ని పడ్డాయన్న లెక్కతో అది తేలదు. పడిన ప్రతిదానికీ గుర్తు ఉండాలి. వేళ్లు కత్తిరించే పాత పద్ధతి మాత్రం దయచేసి వద్దు. కొద్దిరోజుల పనికి ఒక్కోదానికి ఒక్కోచోట బొచ్చు కత్తిరిస్తే చాలు. నువ్వు హద్దు దగ్గర ఖాళీ వదిలేశావు, తేలాల్సింది అక్కడే. రెండింటినీ కలుపుతూ పది మీటర్లకొకటి చొప్పున ఒకే గళ్లుగా బోన్లు పెట్టు.

అయినా బోను చెప్పేది ఎలుక పడిన చోటే, నడిచిన దారి కాదు. దారి కావాలంటే బొచ్చుకు ఫ్లోరోసెంట్ పొడి అద్ది వదులు. మర్నాటి రాత్రి యూవీ టార్చ్ వేస్తే నేలమీద దాని జాడ మెరుస్తుంది. కంప కింద నక్కిందా, ఖాళీ నేల దాటిందా, చెట్టెక్కిందా అన్నీ కనబడతాయి. నాకైతే ఈ పనిలో ఇదే అన్నిటికన్నా విలువైనది.

ఆడా మగా తప్పక రాసుకో. చాలా జాతుల్లో జతకట్టే కాలంలో మగవి ఎక్కువ దూరం తిరుగుతాయి, రాసుకోకపోతే అది అడవికీ తోటకీ మధ్య తేడా అని పొరబడతావు. వెన్నెల రాత్రుల్లో చాలా ఎలుకలు బయట తిరగడం తగ్గిస్తాయి కాబట్టి రెండుచోట్లా ఒకే రాత్రులు పట్టు. మన ఎండకు రేకు బోన్లు కాలిపోతాయి, పొద్దు పొడవకముందే తీసెయ్. ఫారెస్టు వాళ్ల అనుమతి ముందే తీసుకో.