పన్నెండు బొమ్మల రీలు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

హోల్గా అనే ఫిల్ము కెమెరా కొన్నావనీ, గండికోటకు తీసుకెళ్ళి దాని మీద వ్యాసం రాస్తాననీ అన్నావు. చాలా సంతోషం. నువ్వు పంపిన మొదటి పేరాలో "ఈ కెమెరా తప్పులే దీని అందం" అన్న వాక్యం మాత్రం కొట్టేయ్. ఏ తప్పు కెమెరాది, ఏది నీ చేతిది అని తేల్చి చెబితేనే చదివేవాడికి ఉపయోగం. అది తేలాలంటే మొదటి రీలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తీయాలి.

1982లో హాంకాంగ్‌లో, మామూలు కుటుంబాలు కొనుక్కోవడానికి చౌకగా చేసిన కెమెరా ఇది. నీ దాంట్లో లెన్సు కూడా ప్లాస్టిక్కే. షట్టర్ వేగం ఒక్కటే, సెకనులో దాదాపు వందో వంతు. కాబట్టి వెలుగు సంగతి చాలావరకు నువ్వు కొనే రీలే తేలుస్తుంది. అందరూ 400 స్పీడు రీలు వేయమంటారు (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుగు చాలు). మబ్బు పట్టిన ఊళ్ళకు ఆ మాట సరే. జమ్మలమడుగు మిట్టమధ్యాహ్నపు ఎండకు 100 చాలు, కెమెరా మీట ఎండ గుర్తు మీదున్నా అదే సుమారు ఒక స్టాపు ఎక్కువ (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). 400 వేస్తే మూడు స్టాపులు ఎక్కువవుతుంది. నెగటివ్ ఓర్చుకుంటుంది గానీ సున్నం కొట్టిన గోడ, ఆకాశం ఒక్కటైపోతాయి. పొద్దు వాలాక పెన్నా లోయ తీయాలంటే మాత్రం 400 ఉండాల్సిందే.

ఎండ, మబ్బు బొమ్మలున్న మీటను నమ్మేముందు ఒక పని చెయ్యి. రీలు వేయకముందే వెనక మూత తీసి, కింది మీట బి (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే గుర్తు) మీద పెట్టి, షట్టర్ నొక్కి పట్టుకుని లెన్సులోంచి చూడు. మీట జరిపినప్పుడు రంధ్రం చిన్నదీ పెద్దదీ కావాలి. పాతవాటిలో ఏమీ మారదు. నీది ఎలాంటిదో వ్యాసంలో రాయి.

రీలు నీడలో వెయ్యి. ఖాళీ స్పూలు కుడివైపు, కొత్త రీలు ఎడమవైపు. ఫిల్ము వెనక ఉండే కాగితం నల్లముఖం లెన్సుకేసి ఉండాలి. కాగితం కొసను ఖాళీ స్పూలు గాటులో దూర్చి, రెండు చుట్లు తిప్పి, బిగువుగా, తిన్నగా చుట్టుకుంటోందో లేదో చూసి మూత వెయ్యి. ఈ కెమెరాలో చుట్ట వదులైపోవడం మామూలే. వదులైతే అంచుల్లోంచి వెలుగు దూరుతుంది. రీలు వచ్చిన అట్టపెట్టె ముక్క మడిచి కొత్త రీలు కింద పెడితే బిగువు నిలుస్తుంది. చదరపు బొమ్మల చట్రం పెట్టుకుంటే, బొమ్మ నంబరు కనబడే వెనక ఎర్ర కిటికీ బాణం 12 మీద ఉండాలి. 16 మీద ఉంటే బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పక్క క్లిప్పులు ఊడిపోయే రకం. వాటి మీద, మూత అంచుల మీద కరెంటు పనివాళ్ళ నల్ల టేపు వెయ్యి. ఎర్ర కిటికీకీ ఒక ముక్క అంటించి, రీలు తిప్పేటప్పుడే నీడలో ఎత్తి చూడు.

లెన్సు మూత తీయడం మరిచినా వ్యూఫైండర్‌లో అంతా చక్కగానే కనబడుతుంది, ఎందుకంటే నువ్వు చూసేది లెన్సులోంచి కాదు. లెన్సు మీది దూరం గుర్తుల్లో మనిషి బొమ్మ ఒక మీటరుకు, కొండ గుర్తు పది మీటర్లు దాటినవాటికి. కోటలో ధాన్యాగారం లోపలి చీకటికి బి పెట్టి, కెమెరాను రాతి మీద ఆనించి తీయి. బయటికి రాగానే మామూలు వేగమైన ఎన్‌కు మార్చు. మరిస్తే ఆ తర్వాతవన్నీ అలుక్కుపోతాయి. రీలు తిప్పకుండా ఎన్నిసార్లయినా నొక్కనిచ్చే కెమెరా ఇది, కాబట్టి నొక్కగానే తిప్పే అలవాటు చేసుకో.

ఫిల్ము మీద వేళ, దూరం నమోదు కావు. బొమ్మ తీయగానే నోటుబుక్కులో ఒక్క వరస రాయి: "5. మసీదు మెట్లు, ఉదయం 10:40, ఎండ గుర్తు, మూడు తలల గుర్తు, నీడ ఎడమకు." "వింత వెలుగు పరుచుకుంది" లాంటి వాక్యాలు ఇంటికొచ్చాక ఎన్నైనా పుడతాయి. ఆ వరస మాత్రం అక్కడే రాయాలి.

తీసిన రీలును బండి డిక్కీలో ఎండకు వదిలేయకు. కడగడానికిచ్చేటప్పుడు స్కాన్లతో పాటు నెగటివ్‌లూ తిరిగి కావాలని గట్టిగా అడుగు. మరక బొమ్మ దాటి ఫిల్ము అంచుదాకా పాకితే వెలుగు మూత వైపునుంచో వదులు చుట్టలోంచో దూరినట్టు. బొమ్మ హద్దు దగ్గరే ఆగితే లెన్సు వైపునుంచి వచ్చినట్టు. మూలల్లో ముసిరే చీకటి, అంచుల్లో మెత్తదనం లెన్సువే. ఒక్కో బొమ్మ పక్కన కారణం రాసుకుని నెగటివ్‌లు, నోటుబుక్కు రెండూ తీసుకురా. మొదటి పేరా అప్పుడు కలిసి తిరగరాద్దాం.

మీ అన్న